పోయిన డోలక్ అన్న కోసం పాట: పాత రికార్డింగ్ వాడొచ్చా?

మాది రాజమండ్రిలో చిన్న ఆర్కెస్ట్రా. పెళ్లిళ్లకి, వినాయక చవితి పందిళ్లకి వాయిస్తుంటాం. మా డోలక్ అన్న పోయినేడు గుండెపోటుతో పోయాడు. వచ్చే నెల సంవత్సరీకం. ఆ సాయంత్రం ఆయన పేరు మీద ఒక పాట చేస్తామంటే వదిన సరేనంది.

పెద్ద బ్యాండ్లు ఏం చేశాయో చూశాం. 1980లో గాయకుడు బాన్ స్కాట్ పోయిన కొన్ని నెలలకే ఏసీ/డీసీ అనే రాక్ బ్యాండ్ వాళ్లు నల్ల అట్టతో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ ఆల్బమ్ తెచ్చారు. మొదట్లో గంట మోగుతుంది, ఆ తర్వాత అంతా హుషారే. క్వీన్ బ్యాండ్ వాళ్లేమో చనిపోయిన తమ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ ముందే పాడి ఉంచిన గొంతుకి వాయిద్యాలు కలిపి 1995లో ‘మేడ్ ఇన్ హెవెన్’ ఆల్బమ్ పూర్తిచేశారు. నాకు ఈ రెండో దారే నచ్చింది.

మా దగ్గర ఉన్నది ఒక ప్రాక్టీస్ నాటి ఫోన్ రికార్డింగ్. పాట ఎత్తుకునే ముందు ఆయన ఉంగరంతో డోలక్ చెక్క మీద తట్టే చప్పుడు కూడా అందులో ఉంది. కానీ డోలక్‌తో పాటు హార్మోనియం, మా కబుర్లు అన్నీ కలిసిపోయాయి. పైగా చరణం చివర్లో స్పీడ్ పెంచేయడం ఆయనకి అలవాటు. ఒకే వేగంలో టిక్‌టిక్ కొట్టే మెట్రోనోమ్‌కి అస్సలు కుదరట్లేదు.

ఇలాంటి దాంట్లోంచి డోలక్ ఒక్కటీ విడదీసే సాఫ్ట్‌వేర్ ఎవరైనా వాడారా? లయ సరిచేయాలా, ఆయన వెనకే మేం వెళ్లాలా? స్టేజీ మీద గొంతు పూడుకుపోతే ఎలా నెట్టుకొచ్చారో కూడా చెప్పండి, మా గాయనికి అదే టెన్షన్.