మార్ట్‌గేజ్‌లో చచ్చినదేది?

పదాన్వేషి:
పాత ఫ్రెంచిలో ‘మోర్’ అంటే చచ్చినదని, ‘గాజ్’ అంటే కుదువ అని, ఆ రెండూ కలిసి ఇంగ్లీషులో మార్ట్‌గేజ్ అయిందని అందరూ ఒప్పుకున్నదే. తగువల్లా చచ్చినదేదన్న దగ్గరే. 15వ శతాబ్దపు ఆంగ్ల న్యాయవేత్త లిటిల్‌టన్ మాట నాకు సమంజసంగా తోస్తోంది: గడువుకు బాకీ తీర్చకపోతే భూమి అప్పు తీసుకున్నవాడి పాలిట చచ్చినట్లు, తీరిస్తే అప్పిచ్చినవాడి పాలిట చచ్చినట్లు. 1628లో లిటిల్‌టన్ గ్రంథంపై మరో న్యాయవేత్త కోక్ రాసిన వ్యాఖ్యానంతో ఈ అర్థమే స్థిరపడింది.

విశ్రాంత గుమాస్తా:
లిటిల్‌టన్‌కు దాదాపు 300 ఏళ్ల ముందే గ్లాన్‌విల్ పేరిట ఉన్న లాటిన్ న్యాయగ్రంథం వేరే అర్థం చెప్పింది. కుదువ భూమి ఫలసాయం బాకీలో జమ కాకపోతే అది చచ్చిన కుదువ. అది అన్యాయమని, వడ్డీ వ్యాపారం వంటిదేనని అంటూనే, రాజు న్యాయస్థానం దాన్ని నిషేధించదని కూడా ఆ గ్రంథమే చెప్పింది.

గట్టు మీది కొంగ:
హిందీలో తన్‌ఖా అంటే జీతం, మనకు తనఖా అంటే తాకట్టు. ముందు దీని సంగతి తేల్చండి.

పదాన్వేషి:
పాతదైనంత మాత్రాన ప్రమాణం కాదు. లిటిల్‌టన్ నాటికి షరతు మీద భూమినే రాసివ్వడం వాడుకలోకి వచ్చింది కనుక, ఆయన తన కాలపు తాకట్టుకు అర్థం చెప్పాడు.

విశ్రాంత గుమాస్తా:
మా తాతగారు రెండెకరాల మాగాణిని స్వాధీన తనఖా పెడితే, షావుకారు 19 ఏళ్లు పంట తిన్నా అసలులో రూపాయి తగ్గలేదు. చచ్చిన కుదువ అంటే ఏమిటో మా ఇంట్లో లాటిన్ రాకుండానే తెలుసు.

పదాన్వేషి:
మీ ఇంటి కష్టం పదవ్యుత్పత్తికి సాక్ష్యం కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ప్రకారం ఫలసాయాన్ని వడ్డీకి గాని, అసలుకు గాని, కొంత దానికీ కొంత దీనికీ గాని జమకట్టుకునేలా రాసుకోవచ్చు. పైగా 60వ సెక్షన్ కింద బాకీ చెల్లించి విడిపించుకునే హక్కు ఉండనే ఉంది.

విశ్రాంత గుమాస్తా:
అయితే మీ లిటిల్‌టన్‌ను మీరే కాదన్నారు! విడిపించుకునే హక్కు ఉన్నప్పుడు, గడువు దాటగానే భూమి చచ్చిందన్న మాట ఎలా నిలుస్తుంది? షావుకారు అన్నది అచ్చంగా ఆ మాటే: ‘గడువు దాటింది, ఇక భూమి నీది కాదు’. తాతగారు అది నమ్మి కోర్టు గడప తొక్కలేదు. ఆ అర్థాన్ని సమంజసమని మీరు రాస్తే నేను ఊరుకోలేను.

పదాన్వేషి:
నేను మాట పుట్టుక చెబుతున్నాను, మీరు హక్కు గురించి అడుగుతున్నారు. ఇంతకూ ఫలసాయం వడ్డీకి మాత్రమేనని దస్తావేజులో ఉందా?

విశ్రాంత గుమాస్తా:
తాతగారు వేలిముద్ర వేశారు. చదివి వినిపించింది షావుకారే.