ఫ్యాన్‌కి 2.5 కండెన్సర్ పోతే 3.15 వెయ్యొచ్చా?

తెనాలి నుంచి:
మా హాల్లో 48 అంగుళాల సీలింగ్ ఫ్యాన్, స్విచ్ వేస్తే గుయ్‌మంటుంది కానీ తిరగదు, కర్రతో రెక్కని ఒక్క తోపు తోస్తే అప్పుడు నెమ్మదిగా అందుకుంటుంది. కండెన్సర్ మీద 2.5 మైక్రోఫారడ్ అని ఉంది. షాపతను 3.15 చేతిలో పెట్టి ఇది వేస్తే గాలి ఇంకా బాగా వస్తుందన్నాడు. అమ్మ ఆ ఫ్యాన్ కిందే పడుకుంటుంది, అందుకే అడుగుతున్నా.

కర్నూలు నుంచి:
వెయ్యండి, ఏం కాదు. మా ఇంట్లో మూడు ఫ్యాన్లకి ఆరేళ్లుగా 3.15లే ఉన్నాయి, ఒక్కటీ కాలలేదు. మార్చిన రోజే తేడా తెలిసింది.

ఖమ్మం నుంచి (వైండింగ్ పని చేస్తాను):
అన్నా, తేడా తెలిసిన మాట నిజమే. కానీ మీరు కొత్త 3.15ని పోల్చింది దేనితో? ఏళ్ల తరబడి వాడి సత్తా పోయిన పాత 2.5తో. లోపలి ఫిల్మ్ మీది లోహపు పూత కొంచెం కొంచెంగా పోతూ విలువ పడిపోతుంది. కొత్త 2.5 వేసినా దాదాపు అదే గాలి వచ్చేది. మోటార్‌లో 14 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న ఫ్యాన్ మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి 428 చుట్లు దాటలేదు, ఏ కండెన్సర్ వేసినా. ఎక్కువ విలువ వేస్తే స్టార్టింగ్ కాయిల్‌లో కరెంటు పెరుగుతుంది, కాయిల్ వేడెక్కి వార్నిష్ నల్లబడుతుంది. అలా నల్లబడ్డవి విప్పి మళ్లీ చుట్టేది మేమే, ఆ మసి ఇప్పటికీ నా గోళ్లలో ఉంది.

కర్నూలు నుంచి:
మరి మా దగ్గర ఎండాకాలం సాయంత్రం వోల్టేజ్ 180కి పడిపోతుంది కదా, అప్పుడు 2.5తో ఫ్యాన్ లేవనే లేవదు. ఉక్కపోతలో చంటిపిల్లలతో ఏం చెయ్యమంటారు?

ఖమ్మం నుంచి:
ఆ బాధ నాకూ తెలుసు. టార్క్, అంటే తిప్పే బలం, వోల్టేజ్ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి ఉంటుంది, 230 దగ్గర ఉండేదాంట్లో 180 దగ్గర మిగిలేది 61 శాతమే, అప్పుడు 3.15 కాస్త ఆదుకుంటుంది, కాదనను. కానీ అర్ధరాత్రి దాటాక వోల్టేజ్ మళ్లీ 230 అవుతుంది, అందరూ నిద్రలో ఉంటారు, కాయిల్ తెల్లారేదాకా కాగుతుంది. ముందు మెయిన్ ఆఫ్ చేసి రెక్కని చేత్తో తిప్పి చూడండి, బిగుసుగా ఆగిపోతే తప్పు బేరింగ్‌ది.
తెనాలి వారూ, 2.5నే తీసుకోండి, 440 వోల్టులది. 230 కరెంటుకి అంతెందుకు అనుకోవద్దు, నడిచేటప్పుడు కండెన్సర్ మీద సప్లై కన్నా ఎక్కువ వోల్టేజ్ పడుతుంది. గోడ స్విచ్ ఒక్కటే ఆపి చెయ్యి పెట్టకండి, మెయిన్ ఆపండి; కొన్ని ఇళ్లలో స్విచ్ న్యూట్రల్‌లో ఉంటుంది, ఆపినా ఫ్యాన్‌లో కరెంటు ఉంటుంది. పాతదాని రెండు వైర్లనీ కరెంటుకి కలపని, బల్బు పెట్టిన విడి హోల్డర్ వైర్లకి తాకించి ఛార్జ్ పోగొట్టాకే పట్టుకోండి. కొత్తదానికి ప్లస్ మైనస్ లేవు, పాతదాని వైర్లు ఏ రెండిటికి ఉన్నాయో ఫోటో తీసుకుంటే చాలు.

తెనాలి నుంచి:
మార్చాను. పాతది మీటర్‌లో 1.4 చూపించింది, ఒక పక్క ఉబ్బి ఉంది. 2.5 వేయగానే తోయకుండానే తిరిగింది. 3.15 వాపసు ఇచ్చేశా.

కర్నూలు నుంచి:
రేపు మా హాల్లో ఫ్యాన్ గంటసేపు తిప్పి, మెయిన్ ఆపి మోటార్ మీద చెయ్యి పెట్టి చూస్తా. చుర్రుమంటే మూడూ మార్చేస్తా. కానీ సాయంత్రం 180 వస్తే మా ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఎవర్ని అడగాలో అదీ చెప్పండి.