త్రికోణాసనంలో చెయ్యి అందట్లేదు, కింద బ్లాక్ పెట్టుకుంటే తప్పా?

ప్రశ్న:
నాకు 48 ఏళ్లు, మూడు నెలలుగా యోగా క్లాసుకి వెళ్తున్నాను. కాళ్లు ఎడంగా పెట్టి పక్కకి వంగే త్రికోణాసనంలో మోకాలు వంచితే తప్ప చెయ్యి పాదం దాకా రాదు, కాళ్లు చాపి కూర్చుని ముందుకి వంగే పశ్చిమోత్తానాసనంలో అయితే వేళ్లు పిక్కల దగ్గరే ఆగిపోతాయి. నిన్న చెయ్యి ఆనించుకోవడానికి ఇటుక లాంటి చెక్క బ్లాక్ తీసుకెళ్తే టీచర్ గారు "అలవాటైతే ఇక మానలేరు, కష్టపడి వంగండి" అన్నారు. అందరి ముందు చిన్నతనంగా అనిపించింది. నిజంగానే ఒళ్లు ఇలాంటి ఆసరాలకి అలవాటు పడిపోతుందా?

జవాబు 1:
చిన్నతనం ఎందుకండీ! యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ గారి పద్ధతి అంతా ఇలాంటి ఆసరాల మీదే నడుస్తుంది, పూణేలో 1975లో మొదలైన ఆయన సంస్థలో తాళ్లు, కుర్చీలు, బెల్టులు, చెక్క ఇటుకలు అన్నీ వాడతారు. అంతకంటే పాత సంగతి, హంపిలో 1528లో చెక్కిన నరసింహస్వామి మోకాళ్ల చుట్టూ పట్టీ ఉంటుంది, అయ్యప్పస్వామి పటంలోనూ చూసే ఉంటారు. అదే యోగపట్టం, కూర్చున్న భంగిమ సడలకుండా పట్టి ఉంచేది.

జవాబు 2:
అక్కా, చెయ్యి నేలకి ఆనడం ముఖ్యం కాదు, ఛాతీ తెరుచుకోవడం ముఖ్యం. బ్లాక్ మామూలుగా 9 అంగుళాల పొడవు, 6 వెడల్పు, 4 మందం ఉంటుంది. ముందు నిలువుగా చీలమండ బయటివైపు పెట్టి దాని మీద అరచెయ్యి ఆనించండి, మోకాలు వంగదు, ఊపిరి బిగబట్టాల్సిన పని ఉండదు. కొన్ని వారాలకి పక్కకి తిప్పండి, తర్వాత పడుకోబెట్టండి. అలా ఎత్తు తగ్గుతూ వస్తుంటే అలవాటు పడిపోవడం అనే మాటే లేదు కదా. పశ్చిమోత్తానాసనానికి దుప్పటి నాలుగు మడతలు పెట్టి దాని అంచు మీద కూర్చోండి, నడుము వెనక్కి కూలిపోకుండా నిలబడుతుంది. అరికాళ్ల చుట్టూ పాత కాటన్ చున్నీ వేసి రెండు కొసలు పట్టుకుంటే చాలు, బెల్ట్ కొనక్కర్లేదు.

జవాబు 3:
కుర్చీ వాడేవాళ్లు మాత్రం జాగ్రత్త. మా అమ్మ టైల్స్ మీద ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని వంగితే అది జారిపోయింది, మంచం పక్కనే ఉంది కాబట్టి సరిపోయింది. ఇనుప కుర్చీని గోడకి ఆనించి, కాళ్ల కింద మ్యాట్ వేయండి.

అడిగినవారు:
పొద్దున్న దుప్పటి, చున్నీతో చేశాను, వీపు నిటారుగా నిలబడటం మొదటిసారి తెలిసింది, చాలా థాంక్స్! కానీ మోకాలి వెనక సన్నగా లాగుతోంది, పర్వాలేదా?

జవాబు 2:
తొడ వెనక మధ్యలో లాగితే పర్వాలేదు, మోకాలి వెనక లాగితే ఆపేయాలి. చిన్న టవల్ చుట్టి మోకాళ్ల కింద పెట్టి చూడండి, అప్పటికీ తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాకే మళ్లీ మొదలుపెట్టండి అక్కా.