బండ మీది తొండ కాలి పొడవు ఫొటోలో సరిగ్గా కొలిచేదెలా?

హైదరాబాద్‌లోని ఖాజాగూడ, మౌలాలి గ్రానైట్ గుట్టల మీది రాతి తొండలకూ (సామోఫిలస్), పక్క కాలనీల ప్రహరీలెక్కే అదే రకం తొండలకూ వెనక కాళ్ల పొడవు పోల్చాలి. పట్టుకోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, కాబట్టి ఫొటోలతోనే పని.

తొండ కదిలాక కెమెరాను కదపకుండా, అదే చోట స్కేలు పెట్టి మరో ఫొటో తీస్తే మూతి నుంచి తోక మొదలు దాకా కొలత బాగానే వస్తుంది. చిక్కంతా కాలితోనే. మోకాలు బండ మీద నుంచి పైకి లేచి ఉంటుంది, దాంతో తొడ ఏటవాలై పొట్టిగా కనిపిస్తుంది. రెండు కెమెరాలతో లోతు పట్టడం మేలా, కాలు పరుచుకున్న ఫొటోలే ఏరుకోవడం మేలా?

మగవి పెద్దవి. అందుకే కాలికీ ఒంటికీ ఉత్త నిష్పత్తి కాకుండా, ఒంటి పొడవును బట్టి కాలి పొడవును అంచనా కట్టే లాగరిథమ్ రిగ్రెషన్‌లో లింగాన్నీ చేర్చాలనుకుంటున్నాను. రంగు తేలక ఆడో మగో తెలియని పిల్లలను వదిలేయాలా?

తేడా కనిపించినా అది వంశపారంపర్యమని చెప్పలేం. అనోలిస్ బల్లి పిల్లలను వెడల్పు పలకల మీద, సన్న పుల్లల మీద విడిగా పెంచితే కాళ్ల పొడవు మారుతుందని 2000లోనే తేలింది. గుడ్లు తెచ్చి ఒకేచోట పొదిగించకుండా, వంశం వల్ల వచ్చిన తేడానూ పెరిగిన చోటు వల్ల వచ్చిన తేడానూ విడదీసే దారి ఉందా?