సాధారణ వాడుకరికి హార్డ్‌వేర్ వివరాలు ఎంతవరకు అందాలి?

ప్రశ్న:
మా కళాశాల ల్యాబ్‌లోని లైనక్స్ కంప్యూటర్ల వివరాలను విద్యార్థుల ఖాతా నుంచే ఒక స్క్రిప్టుతో సేకరించాలనుకుంటున్నాను. మోడల్ పేరు వస్తోంది గానీ, సీరియల్ నంబరు దగ్గర అనుమతి లేదన్న సందేశం కనిపిస్తోంది; పీసీఐ పరికరాల (గ్రాఫిక్స్, నెట్‌వర్క్ కార్డుల వంటివి) జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ కూడా కొన్ని వివరాలు చూపడం లేదు. రూట్ (పూర్తి నిర్వాహక) అధికారం ఇవ్వకుండా వీటిని చదివే మార్గం ఉందా?

సమాధానం 1:
ఇది లోపం కాదండి. సీరియల్ నంబరు, యూయూఐడీ (యంత్రపు ప్రత్యేక గుర్తింపు సంఖ్య) వంటివి ఆ ఒక్క యంత్రాన్నే గుర్తుపట్టించగలవు కాబట్టి కెర్నల్ (లైనక్స్ మూలభాగం) వాటిని రూట్‌కే పరిమితం చేస్తుంది. పీసీఐ విషయానికొస్తే, ప్రతి పరికరం తన అమరికల వివరాలు ఉంచే కాన్ఫిగరేషన్ స్పేస్‌లో సాధారణంగా మొదటి 64 బైట్లే మామూలు వాడుకరికి అందుతాయి. కొన్ని పరికరాల్లో నిర్వచించని భాగాలను చదవబోతే యంత్రమే నిలిచిపోవచ్చు. ఈ కట్టుబాటు సబబేనని నా అభిప్రాయం.

సమాధానం 2:
బూట్ సమయంలో రూట్‌గా నడిచే చిన్న సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపే వ్యవస్థ) సర్వీసు సీరియల్ నంబరును చదివి, నిర్వాహకుల గ్రూపు మాత్రమే తెరవగల ఫైలులో రాస్తే సరిపోతుంది. మీ స్క్రిప్టును ఆ గ్రూపులోని ఖాతాతో నడపండి. హార్డ్‌వేర్ వివరాలు చూపే డీఎమ్‌ఐడీకోడ్ కమాండ్‌కు మాత్రం సెట్‌యూఐడీ బిట్ (ఎవరు నడిపినా రూట్ అధికారంతో నడిచేలా చేసే గుర్తు) దయచేసి పెట్టకండి. 3.5కు ముందటి వెర్షన్లలో వివరాలను ఫైలులో రాసే దాని డంప్ ఆప్షన్‌తో, ఉన్న ఫైళ్లపైనే తిరగరాసే వీలుండేది.

సమాధానం 3:
చదవడం వల్ల నష్టమేముందని అనుకోవద్దు. ఇంటెల్ ప్రాసెసర్ల విద్యుత్ వినియోగపు అంకెలను లైనక్స్‌లో ఒకప్పుడు అందరూ చదవగలిగేవారు. వాటి నుంచి రహస్య కీలను రాబట్టవచ్చని 2020లో ప్లాటిపస్ దాడి నిరూపించాక, ఆ అంకెలుండే ఫైలును కూడా రూట్‌కే పరిమితం చేశారు.