ఫిలిప్పీన్స్‌లోని దావో నుంచి దహికాన్ బీచ్‌కి వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మా తమ్ముడు దావోలో మెడిసిన్ చదువుతున్నాడు, జనవరిలో అమ్మానాన్నల్ని తీసుకుని వాడి దగ్గరికి వెళ్తున్నాను. బోరకాయ్ దీవిలా జనం ఉండే చోటు మాకొద్దు. మాతి అనే ఊరి దగ్గర దహికాన్‌లో ఇసుక మీద తాబేలు పాకిన జాడలు వాడు వీడియో తీసి పంపితే, అమ్మ అది పదిసార్లు చూసి అక్కడే రెండు రోజులు ఉందామంటోంది.

దావోలోని ఎకోలాండ్ టెర్మినల్ నుంచి మాతికి బస్సుంది, సరే. మాతిలో దిగాక సామాన్లతో నలుగురం ఒకే ట్రైసికిల్‌లో (బైక్‌కి పక్కన సీట్లు బిగించిన అక్కడి ఆటో) పడతామా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కే పని లేని గది కావాలి. యాప్‌లలో కనిపించని చిన్న రిసార్టులకి ముందే అడ్వాన్స్ కట్టాలా, నేరుగా వెళ్తే గది దొరుకుతుందా? అది పసిఫిక్ వైపు తీరం, పైగా అమిహాన్ (ఈశాన్య రుతుపవనాల) గాలుల కాలం, సర్ఫింగ్ చేసేవాళ్లకి అలలు బాగుంటాయి గానీ అమ్మ కనీసం పాదాలు తడుపుకోగలదా? తను చేపలు, గుడ్లు కూడా ముట్టదు, వంట చేసుకోనిస్తారా? దయచేసి చెప్పండి, టికెట్లు తీసేసుకున్నాం.