మంచు దంచుతుంటే షామోనీలో స్కీ ఎక్కడ?

మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. గుల్‌మార్గ్‌లో రెండుసార్లు నేర్చుకున్న అనుభవమే మాది. ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల్లోని షామోనీలో ఉన్నాం. నిన్న ఇక్కడి ల తూర్ అనే స్కీ ప్రాంతానికి వెళ్తే అంతా తెలుపే. ఆగానో జారుతున్నానో కూడా తెలియలేదు. మా ఆవిడైతే అక్కడే కూర్చుండిపోయింది. రేపూ ఇదే వాతావరణమట. గాలి తగలని చోటేదైనా ఉందా?

జవాబు 1:
షామోనీ లోయలోనే ఉన్న లెజూష్ స్కీ ప్రాంతానికి వెళ్లండి తమ్ముడూ. బోర్డు చూసి నేను ‘లెస్ హౌచెస్’ అంటే బస్సు డ్రైవర్‌కి అర్థం కాలేదు, అది వేరే కథ. ల తూర్‌లో పైన చెట్లుండవు కాబట్టి నేలా ఆకాశం ఒకటైపోతాయి. లెజూష్‌లో రన్‌లు (స్కీ చేసే దారులు) చాలావరకు అడవి మధ్యలోనే. చెట్లు గాలిని ఆపుతాయి, నల్లటి మాను పక్కన మంచు ఎత్తుపల్లాలు కంటికి ఆనుతాయి. అనంతగిరి ఘాట్‌లో పొగమంచు పడితే రోడ్డు అంచు గీత చూసుకుంటూ బండి నడుపుతాం కదా, అలాగన్నమాట. రన్ అంచున పాతిన కర్రల్లో, పైభాగాన నారింజ రంగున్నవి దిగేటప్పుడు మీ కుడివైపు ఉండాలి. చెట్ల మధ్యలోకి మాత్రం దూరకండి, మొదళ్ల దగ్గర మెత్తటి మంచులో కూరుకుపోతారు.

జవాబు 2:
అక్కడ ‘వెర్త్’ అనే రన్ ఉంది. ఫ్రెంచ్‌లో వెర్త్ అంటే ఆకుపచ్చ కదా, మ్యాప్‌లో ఆకుపచ్చ రన్‌లలా తేలికేమో అనుకోకండి. అది బ్లాక్ రన్, అంటే అన్నిటికన్నా కష్టమైన రకం, ప్రపంచ కప్ పోటీలు జరిగేది. మ్యాప్‌లో పేరు కాదు, రంగు చూడండి.

అడిగినవాడు:
థాంక్సండీ. నేను సరిగ్గా దానికే వేలు పెట్టి మా ఆవిడకు చూపించాను!